హెనెరలీఫె: సుల్తానుల విడిది, దాని నీటి కథ

స్పెయిన్ దక్షిణాన, అండలూసియా ప్రాంతంలో ఉంది గ్రనడా నగరం. ఊరికి తూర్పున కొండ మీద ఎర్రమట్టి గోడలతో కనిపించేది అల్‌హంబ్రా కోట. దానికి ఎగువన, సూర్యుని కొండ అని పిలిచే గుట్ట వాలులో, తోటల మధ్య తెల్లగా కనిపించే భవనం హెనెరలీఫె. అల్‌హంబ్రా గ్రనడాను ఏలిన నస్రీద్ వంశపు సుల్తానుల పాలనా కేంద్రం. కొలువు, ఖజానా, సైన్యం అన్నీ అక్కడే. హెనెరలీఫె వాళ్ల విడిది. రెంటికీ నడుమ ఒక లోతైన లోయదారి తప్ప మరేదీ అడ్డం లేదు. రాజు కోట దాటి వచ్చి తోటలో కూర్చున్నా, కబురు వస్తే కొద్దిసేపట్లో మళ్లీ కొలువులో ఉండగలిగేంత దూరం. విడిదిని ఇంత దగ్గరలో కట్టుకోవడంలోనే ఆ రాజ్యం పరిస్థితి తెలుస్తుంది. ఐబీరియా ద్వీపకల్పంలో ముస్లింల పాలన కుంచించుకుపోయి, చివరికి ఈ ఒక్క రాజ్యమే మిగిలిన రోజులవి. ఉత్తరాన క్రైస్తవ రాజ్యమైన కాస్టీల్ సైన్యాలు ఎప్పుడూ పొంచి ఉండేవి. ఏ సుల్తానూ రాజధాని విడిచి ఎక్కువ దూరం, ఎక్కువ కాలం వెళ్లే వీలు లేదు.

ఈ విడిదిని 13వ శతాబ్దం చివరలో, రెండో ముహమ్మద్ కాలంలో కట్టారని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. 1319లో మొదటి ఇస్మాయిల్ దీన్ని కొత్త అలంకరణలతో తీర్చిదిద్దాడు. చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని పూలతోటగానే గుర్తుపెట్టుకుంటారు. నిజానికి ఇది మొదటి నుంచీ రాజుగారి వ్యవసాయ క్షేత్రం. భవనం చుట్టూ కూరగాయల మళ్లు, పండ్ల చెట్లు, పైన పశువుల మేత భూములు ఉండేవి. ఇక్కడి పంట కోటకు వెళ్లేది. మధ్యలో ఉన్న చిన్న భవనం, ఆ పంట పొలాల నడుమ యజమాని కోసం కట్టిన ఇల్లు. హెనెరలీఫె అందం అర్థం కావాలంటే ముందు దాని సాగునీటిని అర్థం చేసుకోవాలి. ఇక్కడ కనిపించే ప్రతి నీటి చిమ్మెన (ఫౌంటెన్), ప్రతి కొలను, ప్రతి పిల్లకాలువ పొలం తడపడానికి వచ్చిన నీటిలోంచి పుట్టిందే.

ఆ నీళ్లు దార్రో నది నుంచి వస్తాయి. నస్రీద్ వంశానికి ఆద్యుడైన మొదటి ముహమ్మద్ 1238లో గ్రనడాను తన రాజధాని చేసుకున్నాడు. కొండ మీద నీటి చుక్క లేదు. నది చూస్తే లోయలో, చాలా కింద. అందుకని నదికి ఎగువన, సుమారు 6 కిలోమీటర్ల దూరంలో, కొండ ఎత్తుకు సరిపోయే చోట నీళ్లను మళ్లించి, కొండ పక్కల వంపులు తిరుగుతూ వచ్చేలా ఒక కాలువ తవ్వించారు. దాన్నే రాజుగారి కాలువ, అసేకియా రియల్ అంటారు. వాలు మరీ ఎక్కువైతే నీటి ఉరవడికి గట్లు కోసుకుపోతాయి. తక్కువైతే పూడిక పేరుకుంటుంది. ఆ రెంటి మధ్య సమంగా తెచ్చారు. కాలువ ముందు హెనెరలీఫెను తాకి, దాని తోటలను తడిపి, తర్వాత లోయదారిని వంతెన మీదుగా దాటి అల్‌హంబ్రాలోకి వెళ్తుంది. కోటలోని స్నానశాలలు, మసీదు, ఇళ్లు, ఆ తర్వాత కాలంలో ఐదో ముహమ్మద్ కట్టించిన సింహాల లోగిలి, అన్నిటికీ ఈ నీళ్లే ఆధారం. అంటే కోట ప్రాణం హెనెరలీఫె గుండా నడిచేది.

ఆ కాలం తోటలు ఎలా ఉండాలనుకునేవారో చెప్పే రచన ఒకటి ఉంది. అల్మెరియాకు చెందిన ఇబ్న్ లుయూన్ 1348లో వ్యవసాయం మీద పద్యరూపంలో ఒక గ్రంథం పూర్తి చేశాడు. తోట మధ్య ఇల్లు ఎలా కట్టుకోవాలో కూడా అందులో చెప్పాడు. ఇల్లు కాస్త మెరక మీద ఉండాలి, కాపలాకూ చూపుకూ అనువుగా. బావి కన్నా నీడలో పారే కాలువ మేలు. నీటి ఒడ్డున ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్లు, ఆ తర్వాత పూల మొక్కలు, అంచుల్లో ద్రాక్ష పందిళ్లు, నడుమ కూర్చోవడానికి మండపం. హెనెరలీఫె కట్టి అప్పటికే అర్ధ శతాబ్దం దాటింది. ఆ గ్రంథంలోని తోటకూ ఈ తోటకూ ఉన్న పోలికను బట్టి, అప్పటి అండలూసియాలో తోట వేయడం ఒక స్థిరపడిన విద్య అని తెలుస్తుంది. అది ఒక్క రాజుకు తోచిన ఊహ కాదు.

సుల్తాను వచ్చే పాతదారి కోట ఈశాన్యపు గోడలోని ద్వారం నుంచి దిగి, లోయదారిని దాటి, ఎత్తైన గోడల మధ్య కూరగాయల మళ్లను చీల్చుకుంటూ పైకి ఎక్కేది. ఆ గోడల వల్ల లోపల నడిచేవారికి పొలాలు కనిపించేవి కావు. పొలంలో ఉన్నవారికి రాజు కనిపించేవాడు కాదు. ఇప్పటి సందర్శకులు ఎక్కువగా 20వ శతాబ్దంలో వేసిన కొత్త తోటల గుండా వస్తారు. సౌకర్యంగా, విశాలంగా ఉంటుంది. కాని పాతదారి ఉద్దేశం ఈ నడకలో పోతుంది. ముందు ఇరుకు, ఆ తర్వాత గడప, ఆ తర్వాత ఒక్కసారిగా వెలుగూ నీళ్లూ. ఆ వరుసలో చూడాలని కట్టిన ఇల్లు ఇది.

ఆ వరుసలో మొదటిది గుర్రాలు దిగే లోగిలి. పేరుకు తగ్గట్టే, వచ్చినవారు గుర్రం దిగి, కాసేపు కూర్చోవడానికి గోడ వారగా అరుగులు ఉన్నాయి. పక్క గదులు గుర్రాల పాకలు. అలంకరణ దాదాపు ఏమీ లేదు. పల్లెటూరి కమతం ముంగిలిలా సాదాగా ఉంటుంది. అక్కడి నుంచి కొన్ని మెట్లెక్కితే కాపలాదారుల చిన్న లోగిలి. తర్వాత నిటారుగా, ఇరుగ్గా ఉన్న మరో మెట్ల వరుస. ఈ దాపరికమంతా కావాలని చేసిందే. నస్రీద్ ఇళ్ల వైభవం వీధి వైపు ఉండదు.

ఇరుకు మెట్ల చివర తెరుచుకునేదే కాలువ లోగిలి, పాతియో దె లా అసేకియా. హెనెరలీఫె గుండెకాయ ఇదే. దాదాపు 49 మీటర్ల పొడవు, 13 మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. సన్నని పొడవాటి ఈ ఆవరణ మధ్య నుంచి రాజుగారి కాలువ నేరుగా పారుతుంది. అలంకారం కోసం విడిగా తెచ్చిన నీళ్లు కావివి. కోటకూ పొలాలకూ వెళ్లే అసలు కాలువనే ఇంటి నడిబొడ్డున పారించారు. రెండు కొసల్లో మండపాలు, ఇరువైపులా పూల మొక్కలు, తక్కువ ఎత్తు పొదలు. మండువా లోగిలి ఎరిగిన తెలుగువారికి ఈ కట్టడం తీరు కొత్తగా అనిపించదు. వీధికి మూసుకుని ఆకాశానికి తెరుచుకునే ఇల్లు, మధ్యలో వెలుతురు, చుట్టూ నీడ.

ఈ లోగిలి ఫొటోలన్నిటిలో కాలువ మీదుగా రెండు వైపుల నుంచి వంగి కలుసుకునే నీటి చిమ్మెనలు కనిపిస్తాయి. ప్రపంచమంతా హెనెరలీఫెను ఆ చిమ్మెనలతోనే గుర్తుపడుతుంది. అవి సుల్తానుల నాటివి కావు, 19వ శతాబ్దపు చేర్పు. నస్రీద్‌ల కాలంలో కాలువ ఉపరితలం నిశ్చలంగా, అద్దంలా ఉండాలని కోరుకున్నారు. మండపం కమానులు నీళ్లలో తలకిందులుగా కనిపించేలా కట్టారు. చిమ్మెనల చప్పుడు హాయిగానే ఉంటుంది. కాని అవి నీటి అద్దాన్ని పగలగొట్టాయి. ఈ లోగిలిని మొదట ఊహించినవారి మనసు తెలియాలంటే, ఆ చిమ్మెనలను కళ్లతోనే పక్కకు తీసేసి చూడాలి.

1958లో ఇక్కడ మంటలు చెలరేగి కొన్ని గదులు కాలిపోయాయి. ఆ నష్టమే పాత తోటను వెలికి తెచ్చింది. మరమ్మతులకు ముందు తవ్వి చూసినప్పుడు, ఇప్పటి నేలకు బాగా కింద నస్రీద్ కాలపు తోట మట్టం బయటపడింది. కాలువకు అడ్డంగా మధ్యలో ఒక నడకదారి ఉండేదని, దాంతో తోట నాలుగు మడులుగా విడిపోయేదని, మడుల మూలలు కోసి ఎనిమిది పలకల ఆకారం తెచ్చారని తేలింది. కాలువ గోడల్లో తూములు దొరికాయి. వాటిని తెరిస్తే మడులు తడిసేవి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి తోట మట్టం. మొక్కలు నడకదారి కన్నా పల్లంలో ఉండేవి. అంటే నడిచేవారి కాళ్ల దగ్గరికే పూల తలలు వచ్చేవి. తోట ఒక తివాచీ పరిచినట్టు కనిపించేది, పళ్లు అందే ఎత్తున వేలాడేవి. ఇప్పుడు అదే లోగిలిలో మొక్కలు నడుము దాకా, కొన్నిచోట్ల తల దాకా పెరిగి చూపుకు అడ్డం వస్తున్నాయి. ఒక మీటరు లోపు మట్టం తేడాతో తోట స్వభావమే మారిపోయింది.

లోగిలి పడమటి వైపు ఇప్పుడు వరుసగా కమానులతో తెరిచి ఉంది. అక్కడి నుంచి కోట, లోయ, నగరం కనిపిస్తాయి. ఈ కమానులు 1492లో గ్రనడా చేతులు మారాక, క్రైస్తవ రాజుల కాలంలో తెరిచినవి. అంతకుముందు అక్కడ గుడ్డి గోడ. దాని మధ్యలో ఒకే ఒక్క చూపు మండపం ముందుకు పొడుచుకుని ఉండేది. అది ఇప్పటికీ ఉంది. లోపల మొదటి ఇస్మాయిల్ కాలపు గచ్చు నగిషీ ఊడిన చోట, దాని కింద అంతకన్నా పాత నగిషీ కనిపించింది. గది చిన్నది. దాని కిటికీలను గమనించాలి. గడపలు దాదాపు నేలకు తగిలేంత కిందుగా ఉంటాయి. నిలబడి చూసేవారికి ఇవి పొరపాటున పెట్టినట్టు అనిపిస్తాయి. ఆ ఇంట్లో అందరూ తివాచీల మీద, దిండ్ల మీద నేలనే కూర్చునేవారు. అలా కూర్చున్నప్పుడు కిటికీ చట్రంలో పొలాలు, కోట గోడలు సరిగ్గా కంటి ఎత్తున అమరుతాయి. లోగిలిలో ఉన్నంతసేపు నీళ్లూ ఆకాశమే కనిపించి, ఈ ఒక్క చోట రాజ్యమంతా ఒక్కసారిగా తెరుచుకునేది. తర్వాతివాళ్లు గోడంతా తెరిచి అందరికీ అన్ని చోట్లా ఆ దృశ్యాన్ని ఇచ్చారు. ఇవ్వడంలో ఆ ఒక్క చోటికి ఉన్న విలువ తగ్గింది.

ఉత్తరపు మండపమే ఇంట్లో ముఖ్యమైనది. ఐదు కమానుల వసారా, దాని వెనుక మూడు కమానుల ద్వారం, ఆ వెనుక రాజు గది. ద్వారం చుట్టూ గచ్చులో చెక్కిన పద్యం కవి ఇబ్న్ అల్ జయ్యాబ్‌ది. 1319లో గ్రనడా మైదానంలో కాస్టీల్ సేన ఓడిపోయి, ఆ దేశపు యువరాజులు పేద్రో, హువాన్ ఇద్దరూ చనిపోయారు. మొదటి ఇస్మాయిల్ చేయించిన మార్పులను ఆ శాసన పద్యం ఈ విజయంతో ముడిపెడుతుంది. యుద్ధంలో గెలిచిన రాజు దాని గుర్తును కోట బురుజు మీద కాక తోటలోని ఇంటి ద్వారం మీద రాయించుకోవడం ఆలోచించదగ్గది. గది చివర ఇస్మాయిల్ కట్టించిన చూపు మండపం అల్బైసిన్ పేట వైపు, దార్రో లోయ వైపు తెరుచుకుంటుంది.

అక్కడి నుంచి పక్క మెట్లెక్కితే సుల్తానా సైప్రస్ లోగిలి. కట్టడంలో ఎక్కువ భాగం 16వ శతాబ్దంలోనూ ఆ తర్వాతా చేసిన మార్పు. కొలను చుట్టూ పొదలు, చిమ్మెనలు, గోడ పక్కన ఎండిపోయిన ఒక ముసలి సైప్రస్ మొద్దు. గ్రనడా చివరి సుల్తాను బొఆబ్దిల్ భార్య అబెన్సెరాహె వంశపు వీరుడిని ఈ చెట్టు కింద రహస్యంగా కలుసుకునేదని, అది తెలిసి సుల్తాను ఆ వంశపు వీరులను చంపించాడని కథ. హినెస్ పేరెస్ దె హీతా 1595లో అచ్చు వేసిన నవల వల్ల ఈ కథ దేశమంతా పాకింది. ఇది చరిత్ర కాదు. ఒక రాణి మీద ఏ ఆధారమూ లేకుండా పడ్డ నింద ఒక చెట్టు పేరుగా శతాబ్దాలు నిలిచిపోవడం బాధ కలిగిస్తుంది.

ఈ లోగిలికి పైన, కొండ వాలులో ఉన్న నీటి మెట్లు హెనెరలీఫెలోకెల్లా విశిష్టమైనవి. సుల్తానుల కాలం నుంచీ పెద్ద మార్పు లేకుండా నిలిచినవి కూడా. లారెల్ చెట్ల కొమ్మలు పైన కమ్ముకుని గుహలాంటి నీడనిస్తాయి. మెట్లు కొన్ని వరుసలుగా ఎక్కుతాయి. వరుసకూ వరుసకూ మధ్య గుండ్రని విశ్రాంతి చప్టా, దాని మధ్యలో చిన్న చిమ్మెన. మెట్లకు రెండు వైపులా సున్నం వేసిన పొట్టి గోడలు ఉన్నాయి. వాటి పైభాగాన్ని బల్లపరుపుగా వదలక, పెంకులు వెల్లకిలా పరిచి కాలువలా చేశారు. ఆ పిట్టగోడ కాలువల్లో నీళ్లు కిందికి పరుగెడతాయి. చేయి పెడితే చల్లని నీళ్లు వేళ్ల మధ్య నుంచి పారతాయి. చప్టా దగ్గర గోడ గుండ్రంగా తిరిగిన చోట నీళ్లు కూడా వేగం తగ్గి, మలుపు తిరిగి, మళ్లీ దూకుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం గ్రనడాలో 35 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేళ ఈ మెట్ల మీద నిలబడితే గాలి తేడా ఒంటికి తెలుస్తుంది. పైన ఒక ప్రార్థన గది ఉండేదని, అక్కడికి వెళ్లేవారు ఈ నీళ్లతోనే కాళ్లూ చేతులూ కడుక్కునేవారని పండితులు భావిస్తారు.

1526లో వెనిస్ రాయబారి ఆంద్రేయా నవజేరో ఈ చోటికి వచ్చాడు. కోట సుల్తానుల నుంచి క్రైస్తవ రాజుల చేతికి వచ్చి అప్పటికి ముప్పై నాలుగేళ్లే. తోటలంటే ప్రాణంగా ఉన్న ఆ మనిషి నీటి మెట్లను శ్రద్ధగా వర్ణించాడు. గోడల మీది కాలువల్లోకి ఒకసారి, మెట్లలోని గుంటల్లోకి ఇంకోసారి, కావాలంటే రెంటిలోకీ ఒకేసారి నీళ్లు వదలడానికి పైన మరలు ఉండేవని రాశాడు. ఎక్కువగా వదిలితే మెట్లన్నీ పొంగి, ఎక్కేవారు తడిసిపోయేవారట. రైతు మడవ తిప్పే పనినే ఇక్కడ వేడుకగా మార్చారు. చేతిపని అదే, ప్రయోజనమే వేరు.

ఇంకా పైకి వెళ్తే 1836లో కట్టిన చూపు మేడ వస్తుంది. అప్పటి ఐరోపా అభిరుచికి తగ్గట్టు కట్టింది. మిగతా కట్టడాల పక్కన పొసగలేదు. దాన్ని దాటి ఎగువన ఉన్నవి పెద్ద నీటి తొట్లు, అల్బెర్కోనెస్. చాలామంది అక్కడి దాకా వెళ్లరు. కాలువ కన్నా ఎత్తులో ఉన్న నేలకు నీళ్లు వాటంతట అవి ఎక్కవు. అందుకని కొండలోకి సొరంగం తవ్వి కాలువ నీటిని లోపలికి తెచ్చి, దాని మీద లోతైన బావి తీసి, పశువులు తిప్పే చక్రంతో నీళ్లు పైకి తోడి తొట్లలో నింపేవారు. గోల్కొండ కోట మీదికి చక్రాలతో అంచెలంచెలుగా నీళ్లు ఎక్కించి, మట్టి గొట్టాల్లో పంచిన పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. ఆ పోలిక కాకతాళీయం కాదు. పర్షియా, అరబ్బు దేశాల్లో పెరిగిన నీటి విద్య, నాలుగు మడుల తోట ఒకవైపు పడమటి కొసన గ్రనడాకూ, ఇంకోవైపు దక్కనుకూ చేరాయి.

1492 జనవరి 2న బొఆబ్దిల్ గ్రనడాను క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌లకు అప్పగించాడు. హెనెరలీఫెను రాజులు తమ అధికారుల సంరక్షణలో ఉంచారు. వివాహ సంబంధాల వల్ల అది గ్రనడా వెనెగాస్ కుటుంబం చేతికి వచ్చింది. క్రైస్తవం పుచ్చుకున్న ముస్లిం రాజవంశీకుల సంతతి వాళ్లు. తరాలు గడిచేకొద్దీ సంరక్షకులు తమను యజమానులుగా భావించుకున్నారు. ప్రభుత్వానికీ కుటుంబానికీ మధ్య 19వ శతాబ్దంలో మొదలైన వ్యాజ్యం తరాల పాటు నలిగి, 1921లో రాజీతో ముగిసి, ఆస్తి ప్రభుత్వానికి వచ్చింది. 1984లో అల్‌హంబ్రాతో కలిపి దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. పదేళ్ల తర్వాత అల్బైసిన్ పేటను కూడా చేర్చారు.

ఇప్పుడు సందర్శకులు ముందుగా చూసే కొత్త తోటలను 1931లో వాస్తుశిల్పి లియోపోల్దో తోర్రెస్ బల్బాస్ మొదలుపెట్టాడు. అల్‌హంబ్రా మరమ్మతుల్లో కల్పనకు చోటివ్వకుండా, పాతది ఏదో కొత్తది ఏదో తెలిసేలా పనిచేసిన మనిషి ఆయన. సైప్రస్ చెట్లను గోడల్లా కత్తిరించి, వాటి మధ్య గులాబీ మడులు, దారులు వేశారు. ఫ్రాన్సిస్కో ప్రియెతో మొరేనో 1951 నాటికి పొడవాటి కొలనుతో దీన్ని పూర్తి చేశాడు. పక్కనే బయలు రంగస్థలం ఉంది. గ్రనడా అంతర్జాతీయ సంగీత నృత్యోత్సవంలో నాట్య ప్రదర్శనలు అక్కడే జరుగుతాయి. మాన్యుయెల్ దె ఫాయా పియానో, వాద్యబృందం కోసం కూర్చిన ‘స్పెయిన్ తోటల్లో రాత్రులు’ 1916లో తొలిసారి వినిపించింది. అందులో మొదటి భాగం ఈ హెనెరలీఫె పేరు మీదే ఉంది. తిరుగుదారిలో గన్నేరు చెట్లు రెండు వైపులా కలుసుకున్న బాట, ఆ తర్వాత సైప్రస్ చెట్ల బాట వస్తాయి.

కొత్త తోటలకూ కోటకూ మధ్య, దిగువన అంచెలంచెలుగా కనిపించే మళ్లను చాలామంది ఏదో పెరడు అనుకుని దాటిపోతారు. నిలబడి చూడవలసిన చోటు అదే. కొలొరాదా, గ్రాందే, ఫ్వెంతె పేన్యా, మెర్సెరియా అనే నాలుగు పెద్ద మళ్లు నస్రీద్‌ల నాటి నుంచి ఇప్పటిదాకా సాగులోనే ఉన్నాయి. గట్లు నిలపడానికి కట్టిన గోడల్లో పాతవి ఇంకా ఉన్నాయి. కాలువ నీళ్లు ఇప్పటికీ పారిస్తారు. ఆర్టిచోక్, వంగ, చిక్కుళ్లు, అంజూర, దానిమ్మ పండిస్తారు. వంగ, పుల్ల నారింజ లాంటివి భారతదేశం వైపు నుంచి పర్షియా, అరబ్బు రైతుల చేతుల మీదుగా స్పెయిన్ చేరిన పంటలు. లోగిళ్లకు ఎన్నో మార్పులు జరిగాయి. చిమ్మెనలు వచ్చాయి, గోడలు తెరుచుకున్నాయి, నేల మట్టం పెరిగింది. చేసే పని మాత్రం మారకుండా ఉన్నది ఈ మళ్లలోనే. సుల్తానుల తోటను చూశామని నిజంగా చెప్పుకోవాలంటే కాలువ లోగిలితో పాటు వీటినీ చూసి ఉండాలి.

అల్‌హంబ్రా టికెట్టులో నస్రీద్ భవనాల ప్రవేశానికి నిర్ణీత సమయం ఉంటుంది. ఆ సమయం తప్పితే లోపలికి పంపరు. అందువల్ల చాలామంది భవనాలు ముగించుకుని, అలసిన కాళ్లతో హెనెరలీఫెకు వస్తారు. పొద్దున్నే ముందుగా ఇక్కడికి రావడం మంచిది. కాలువ లోగిలిలో జనం తక్కువగా ఉంటారు, ఎండ ఏటవాలుగా పడుతుంది. తోటలకు విడిగా కూడా టికెట్టు దొరుకుతుంది. కొన్ని నెలల్లో రాత్రి సందర్శనకూ అనుమతి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పూలు నిండుగా ఉంటాయి. అప్పుడే సియెర్రా నెవాడా శిఖరాల మీద మంచు కూడా మిగిలి ఉంటుంది. శరదృతువులో దానిమ్మలు పండుతాయి, జనం తగ్గుతారు. మెట్లు, ఎక్కుడు దారులు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవారు కనీసం రెండు గంటలు తోటలకే కేటాయించుకోవాలి.